గీతకు బెత్తెడు అవతల

పోయిన నెల హన్మకొండలో ఒక పాత ఆఫీసర్ల క్లబ్బు వాళ్లు నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. పాత టెన్నిస్ కోర్టు తవ్వేసి దాని స్థానంలో నీలం రంగు సింథటిక్ కోర్టు వేశారట. రిబ్బను కత్తిరించడానికి ఎవరో ఒక మాజీ ఛాంపియన్ కావాలి. నాకంటే పనికొచ్చేవాళ్లు ఆ రోజు ఖాళీగా లేరు కాబోలు. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద నా పేరు ముందు "ప్రఖ్యాత షటిల్ క్రీడాకారిణి" అని రాసి ఉంది. ఫొటో మాత్రం నాదే, అంతవరకూ సంతోషం. సెక్రెటరీ గారు మైకు పట్టుకుని ఈ క్లబ్బు నన్ను కన్నబిడ్డలా పెంచి దేశానికి అందించిందని చెప్పారు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. మోకాళ్లు అరిగిపోయినా చేతులు ఇంకా బాగానే ఉన్నాయి. శాలువా కప్పారు, ఇత్తడి షటిల్ కాక్ బొమ్మ చేతిలో పెట్టారు. దిగివస్తూ, కోర్టు పక్కన ఒక చిన్న గది ఉండాలి కదా, మార్కర్ యాకయ్య గది, అదేమైందని అడిగాను. సెక్రెటరీ గారు కాసేపు ఆలోచించి, "మార్కర్ అంటే పెన్నా మేడమ్?" అన్నారు.

ఆయన తప్పేం లేదు, వయసు చిన్నది. మా రోజుల్లో క్లబ్బులో మార్కర్ అంటే కోర్టుకు నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసి, వల బిగించి, జోడీ దొరకని సభ్యుడికి తోడుగా ఆడి, తెగిన రాకెట్ తీగలు అల్లిపెట్టే మనిషి. ఇన్ని పనులు చేసే ఆయనకు ఆట వచ్చినట్టు ఎవరికీ తోచేది కాదు. యాకయ్యది కాశిబుగ్గ, మగ్గాల ఇల్లు. రాకెట్ ఒళ్లో పెట్టుకుని నిలువు తీగల మధ్య నుంచి అడ్డం తీగ లాగుతుంటే చీర నేస్తున్నట్టే ఉండేది. పంటితో తీగ కొస పట్టి బిగించి, వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఆ చప్పుడు నచ్చకపోతే మొత్తం విప్పి మళ్లీ మొదటి నుంచి అల్లేవాడు. ఆ రాకెట్లతో ఆడే పెద్దమనుషులకు చేటతో ఆడినా అదే ఫలితం వచ్చేది, అది వేరే సంగతి.

మా బాపుకు వరంగల్ బజారులో కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. మధ్యలో గోడ ఉన్నా ఎండుమిరపకాయల ఘాటుకు ఆ సంగతి తెలియదు. మా ఇంట్లో పొద్దున్నే ఎవరు ముందు తుమ్మితే వాళ్లు లేచినట్టు లెక్క. బెల్లం బుట్టల వాసన, ఇంగువ వాసన, నాయనమ్మ మంచం కింద పెట్టుకునే పొగాకు వాసన కలిసి నా స్కూలు పుస్తకాలకు పట్టేవి. లెక్కల టీచరు నా నోటుబుక్కు తెరిచిన ప్రతిసారీ ముక్కు తుడుచుకునేది. క్లబ్బుకు టీ పొడి, చక్కెర, బిస్కెట్లు మా దుకాణం నుంచే వెళ్లేవి. శనివారం పొద్దున బాపు రిక్షాలో సామాను వేసుకుని పోతుంటే చక్కెర బస్తా మీద నన్ను కూర్చోబెట్టేవాడు. బస్తా జారకుండా ఉండటానికి నా బరువు పనికొచ్చేది. టెన్నిస్‌లోకి నా ప్రవేశం అలా జరిగింది.

అప్పట్లో క్లబ్బుకు కొత్తగా వచ్చిన పెద్ద ఆఫీసరు గారి భార్యకు టెన్నిస్ ఆడాలన్న కోరిక ఉండేది. ఆమెను అందరూ మేడమ్ అనేవాళ్లు, నాకు ఇప్పటికీ ఆమె అసలు పేరు తెలియదు. క్లబ్బులో మిగతా ఆడవాళ్లు తంబోలా తప్ప ఏదీ ఆడరు. మగవాళ్లకు వేరే చిక్కు. ఆమెను ఓడిస్తే పైఅధికారికి కోపం వస్తుంది, ఆమె చేతిలో ఓడితే భార్య దగ్గర పరువు పోతుంది. దాంతో ఆ జిల్లాలోని అధికార యంత్రాంగానికంతా ఒకేసారి నడుంనొప్పి పట్టుకుంది. యాకయ్య ఆడితే పసిపిల్లకు అన్నం పెట్టినట్టు కొడుతున్నాడని ఆమెకు విసుగు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక శనివారం, కంచె దాటి వచ్చి రిక్షాలో పడిన బంతిని నేను బస్తా మీద నుంచి లేవకుండానే వల దాటించి యాకయ్య చేతిలోకి విసిరాను. ఆయన బంతిని చూశాడు, నన్ను చూశాడు, బాపు దగ్గరికి వచ్చాడు.

"సేటు, నీ బిడ్డ చేతిల నిశానా ఉన్నది. మేడమ్‌తోని ఆడనీకె పంపుతవా?"

బాపు క్షణం కూడా ఆలోచించలేదు. పెద్ద ఆఫీసరు భార్యతో తన బిడ్డ ఆడటమంటే దుకాణానికి ఇంకో బోర్డు పెట్టినట్టే. ఇంట్లో చెబితే అమ్మ సరేనంది. నాయనమ్మ మాత్రం అడిగింది.

"గంత పెద్ద మేడమ్‌కు ఆడుకోనీకె ఇంట్ల పిల్లలు లేరా?"

కోర్టును వారం వారం ఎర్రమట్టి, ఆవుపేడ కలిపి అలుకుతారని తెలిశాక ఆమె కాస్త మెత్తబడింది. పేడతో అలికిన చోట తప్పుడు పనులు జరగవని ఆమె నమ్మకం. నా స్కర్టు విషయంలో మాత్రం ఆఖరి వరకూ రాజీ పడలేదు. దర్జీ కుట్టి ఇచ్చిన దానికి ప్రతి నెలా కింద ఒక బెత్తెడు గుడ్డ అతికేది. నేను ఎదుగుతుంటే స్కర్టు నాకంటే వేగంగా ఎదిగేది.

మొదటి రోజే యాకయ్య నన్ను పక్కకు పిలిచి ఆట నియమాలు చెప్పాడు. అసలు నియమం ఒక్కటే.

"నువ్వు గెల్వద్దు బిడ్డా. మేడమ్ గెల్వాలె. అట్లని వలకు కొట్టకు, ఆమెకు తెలుస్తది. మంచిగ ఆడుతాంది, జరంతల పోయింది పాపం అనుకోవాలె."

అలా పొద్దున మేడమ్ రాకముందు గంటసేపు ఆయన నాకు గెలవడం నేర్పేవాడు, ఆమె వచ్చాక గంటసేపు నేను ఓడేదాన్ని. గీతకు బెత్తెడు అవతల ఒక చింతగింజ పెట్టి, దాని మీద పడేలా కొట్టమనేవాడు. నాలుగు వేళ్లు దాటితే అనుమానం వస్తుంది, గీతకు తగిలితే పాయింటు వస్తుంది. రెండేళ్లు ఆ గింజను కొట్టాను. ఆ తర్వాత నా ఆట గురించి రాసిన పత్రికల వాళ్లు "గీతల మీద ఆమెకున్న అసాధారణ పట్టు" అని మెచ్చుకున్నారు. అది ఎలా వచ్చిందో అడిగిన వాళ్లకు కఠోర సాధన అని చెప్పేదాన్ని. అబద్ధం కాదు కదా.

క్లబ్బు వార్షికోత్సవంలో ఆడవాళ్ల సింగిల్స్ పోటీ పెట్టారు. పేర్లిచ్చింది ఇద్దరమే కాబట్టి మొదటి మ్యాచే ఫైనల్. నాకప్పుడు పద్నాలుగేళ్లు. టీ బల్ల మీద వెండి రంగు కప్పు పెట్టి ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే మేడమ్ పేరు అప్పటికే చెక్కించి ఉంది. నాకేమీ బాధ కలగలేదు, ఎలాగూ ఆమే గెలుస్తుంది, ముందే చెక్కిస్తే పని తగ్గుతుంది. ఒకే సెట్టు ఆట. అయిదు ఒకటి దాకా పద్ధతిగా ఓడుతూ వచ్చాను. తర్వాతి గేమ్ మొదలయ్యే ముందు మేడమ్ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ అతిథులతో అన్నది:

"ఈ పిల్ల మా కిరాణా ఆయన కూతురండీ. మొదట్లో రాకెట్ పట్టుకోవడం కూడా రాదు. నేనే దగ్గరుండి నేర్పించాను."

యాకయ్య పక్కనే వంగి బంతులు ఏరుతున్నాడు. విననట్టే ఏరుతున్నాడు. ఆ వంగిన వీపు చూశాక నాకు ఏమైందో సరిగ్గా చెప్పలేను. రెండేళ్లుగా ఎవరు తెల్లవారకముందే కాశిబుగ్గ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చారో నాకు తెలుసు. తర్వాతి బంతి చింతగింజ చోట పడలేదు, గీత మీద పడింది. దాని తర్వాతదీ అంతే. ఆమెకు అర్థమయ్యేసరికి అయిదు అయిదు అయింది, తేరుకునేసరికి ఏడు అయిదు. పాతిక కుర్చీల్లో ఒక్కరు కూడా కదల్లేదు. చప్పట్లు కొట్టింది బాపు ఒక్కడే. ఆయన మొదటి నుంచీ ప్రతి దెబ్బకూ, నేను తప్పు కొట్టినప్పుడు కూడా, కొడుతూనే ఉన్నాడు. అంతా అయిపోయాక వచ్చి మెల్లగా అడిగాడు.

"ఎవలు గెలిచిండ్రు?"

కప్పు మాత్రం మేడమ్‌కే ఇచ్చారు. చెక్కిన పేరు చెరిపితే కప్పు పాడవుతుంది కదా. నాకు ప్రోత్సాహక బహుమతిగా స్టీలు టిఫిన్ డబ్బా దొరికింది. వారం తిరగకుండా, సభ్యుల పిల్లలు కాని వాళ్లు కోర్టులోకి రాకూడదని గేటుకు కాగితం అతికించారు. క్లబ్బుకు చక్కెర ఇంకో దుకాణం నుంచి పోవడం మొదలైంది. యాకయ్యను మార్కర్ పని నుంచి తీసేసి, పేకాట గదిలో గ్లాసులు కడిగే పనిలో పెట్టారు.

బాపు రెండు రోజులు మిగిలిపోయిన చక్కెర బస్తాలు లెక్కపెట్టాడు. మూడో రోజు అన్నం తింటూ, "మంచిగనే గెలిచినవ్ తియ్యి. చక్కెర ఎవలన్న కొంటరు," అన్నాడు. మా చక్కెర సరే, ఎవరో ఒకరు కొంటారు. యాకయ్య సంగతి? మర్నాడు స్కూలు ఎగ్గొట్టి కాశిబుగ్గకు నడిచిపోయాను. వీధి పొడవునా మగ్గాల చప్పుడు. ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు, వేళ్లు నీళ్లలో నాని ముడతలు పడి ఉన్నాయి. దారి పొడవునా అనుకున్న మాటలన్నీ మరిచిపోయి, "మామా, నా వల్లనే," అని ఏడుపు మొదలుపెట్టాను.

"ఏడుస్తానవెందుకు? అయిదు ఒకటి కాడికెల్లి గెలిచినవ్. ఇరవై ఏండ్ల సంది గా కోర్టుల ఉన్న, అసొంటి ఆట చూళ్లే," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "భయమైతే అయింది బిడ్డా, అబద్ధమెందుకు. బంతుల బుట్ట చేతిలకెల్లి జారిపడ్డది. గని మల్ల ఆడితే మల్ల గెల్వు. నాకు ఫికర్ లేదు," అన్నాడు.

ఆయనకు ఫికర్ ఉందని ఆ వయసులో కూడా నాకు తెలుసు. మర్నాటి నుంచి బాపు స్నేహితుడి పత్తి గోదాం వెనక గోడ నా కోర్టు అయింది. గోడ మీద సుద్దతో వల ఎత్తున గీత గీశాడు యాకయ్య. క్లబ్బుకు పోయేముందు వచ్చి గంటసేపు నిలబడేవాడు. మూడేళ్లు ఆ గోడతో ఆడాను. గోడతో ఆడటంలో పెద్ద సౌకర్యం ఏమిటంటే దానికి ఆఫీసరు మొగుడు ఉండడు.

హైదరాబాదులో రాష్ట్ర పోటీలకు కాజీపేటలో ప్యాసింజర్ ఎక్కి ముగ్గురం వెళ్లాం: నేను, బాపు, క్లబ్బులో జ్వరమని చెప్పి వచ్చిన యాకయ్య. అక్కడి అమ్మాయిలకు ఒక్కొక్కరికి మూడు రాకెట్లు, తెల్లటి బూట్లు, మధ్యలో నిమ్మరసం పట్టుకుని నిలబడే తల్లులు. నా దగ్గర ఒక్క రాకెట్, వానాకాలం తీగలు నెమ్ముకోకుండా అమ్మ బియ్యం డబ్బాలో దాచి ఇచ్చినది. నాయనమ్మ స్కర్టు మోకాళ్లు దాటి పిక్కల దాకా వచ్చేసింది. నన్ను చూసి ఒకమ్మాయి నవ్వింది, ఆమెను రెండో రౌండులో ఓడించాను. రాకెట్ నుంచి బియ్యపు తవుడు రాలుతోందని అంపైర్ ఆట ఆపి చూశాడు. ఆ ఏడు సెమీఫైనల్, తర్వాతి ఏడు ఛాంపియన్.

వరంగల్ తిరిగొస్తే స్టేషన్లో దండలు, బ్యాండు. జీపు మీద నిలబెట్టి ఊరేగించారు. జీపు సరాసరి క్లబ్బు దగ్గర ఆగింది. గేటు మీది కాగితం మాయమైంది, హాల్లో నా ఫొటో వెలిసింది. మేడమ్ గారి భర్తకు ఏడాది కిందే బదిలీ అయింది. అప్పటి సెక్రెటరీ మైకులో, మా కోర్టు మట్టిలో పుట్టిన మాణిక్యం అన్నాడు. మట్టి అన్నాడు కాబట్టి సరిపోయింది, పేడ ప్రస్తావన రాలేదు. ఆ తర్వాత టీ వచ్చింది. ట్రే పట్టుకుని వరుసగా అందరికీ ఇస్తూ యాకయ్య నా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"తీస్కో, చాంపియన్," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

నేను గ్లాసు తీసుకోలేకపోయాను. లేచి నిలబడి సెక్రెటరీకి చెప్పాను, నాకు ఆట నేర్పింది ఈయన, ఈయన మళ్లీ కోర్టులోకి వస్తేనే మీ హాల్లో నా ఫొటో ఉంటుందని. సెక్రెటరీ తడుముకోకుండా, అది తమ పరిశీలనలో ఎప్పటి నుంచో ఉందన్నాడు. సోమవారం యాకయ్య చేతికి మళ్లీ సున్నం డబ్బా వచ్చింది. నా కెరీర్ మొత్తంలో నేను గెలిచిన పెద్ద మ్యాచ్ అదేనేమో, అంపైర్ లేడు కాబట్టి ఎక్కడా నమోదు కాలేదు.

తర్వాతి పదేళ్లు పైకి ఎంత ఎక్కానో కిందికి అంత దిగాను. క్రీడాకారుల కోటాలో బ్యాంకు ఉద్యోగం ఇచ్చారు. ఊరూరా రైళ్లలో రెండో తరగతి పెట్టెల్లో తిరిగాను, గెలిస్తే బెర్తు దొరికేది, ఓడితే నిలబడి వచ్చేదాన్ని, కనీసం నాకలాగే గుర్తుంది. దేశం మొత్తంలో రెండో స్థానం దాకా వచ్చి, మొదటి స్థానానికి ఒక్క పాయింటు దూరంలో ఉండి, ఆ పాయింటు వలకు కొట్టాను. ఒకసారి ఇంగ్లండు పంపారు. అక్కడి పచ్చగడ్డి కోర్టు మీద బంతి ఎగరదు, జారుతుంది. నాకు అది తెలిసేలోపు మొదటి రౌండు అయిపోయింది. రెండు పూటల విమాన ప్రయాణం, యాభై నిమిషాల ఆట. తిరిగొచ్చాక ఊరంతా పరామర్శకు వచ్చింది, అక్కడ ఏం తిన్నావని అడిగింది. నాయనమ్మ మాత్రం ఆట గురించే అడిగింది.

"గడ్డి మీద ఆడిపిచ్చిండ్రా? మరి బర్లేం తింటయ్?"

ఈలోగా పెళ్లి చూపులూ నడిచాయి. ఏళ్ల తరబడి ఆడి నా కుడిచెయ్యి ఎడమచెయ్యి కంటే లావైంది. గాజులవాడు నాకు రెండు కొలతల గాజులు వేరువేరుగా కట్టి ఇచ్చేవాడు. నర్సంపేట నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కాఫీ అందుకుంటూ ఆ చేతిని అదోలా చూశాడు.

"పిల్ల చెయ్యి గట్లెందుకున్నది?"

"సర్వీస్ చేస్తది గదా," అన్నాడు బాపు గర్వంగా.

"అవునా? ఏ డిపార్ట్‌మెంట్ల?"

ఆ సంబంధం కుదరలేదు. చివరికి మా బ్యాంకులోనే పనిచేసే ఒకాయన, టెన్నిస్ గురించి ఏమీ తెలియదని ముందే ఒప్పుకున్న మంచి మనిషి, నన్ను చేసుకున్నాడు.

మోకాలు మొదట ఒకటి పోయింది, తర్వాత దానికి తోడుగా రెండోది. ఆపరేషను తర్వాత ఏడాది ఇంట్లో ఉన్నాను. ఊరేగించిన ఊరే బజారులో కనబడి, "ఇంకా ఆడుతానవా?" అని అడిగేది. "ఇంకా" అన్న మాటలో అంత విషం ఉంటుందని నాకప్పుడే తెలిసింది. మళ్లీ మొదలుపెట్టాను. ఒకటి గెలిచాను, నాలుగు ఓడాను. ఆఖరి మ్యాచ్ హైదరాబాదులో అదే రాష్ట్ర పోటీల్లో, మొదటి రౌండులో. ఎదురుగా పదహారేళ్ల పిల్ల, చేతిలో కొత్తరకం గ్రాఫైట్ రాకెట్. నన్ను ఆంటీ అని పిలిచి మరీ ఓడించింది. ఆరు ఒకటి, ఆరు సున్నా. ముప్పై ఏళ్లు నిండిన దానికి అంతకంటే మర్యాద ఎవరిస్తారు? పత్రికలో స్కోరు ఒక్కటే వేశారు, వ్యాఖ్య అవసరం లేదనుకున్నారు.

తిరిగొచ్చేసరికి యాకయ్య పెద్ద దవాఖానలో ఉన్నాడని తెలిసింది. కోర్టుకు నీళ్లు చల్లుతూ జారిపడి తుంటి విరిగింది. బ్యాగు ఇంట్లో పడేసి మధ్యాహ్నమే వెళ్లాను. ఇప్పుడు అకాడమీల్లో పిల్లలు ఆడే ప్రతి బంతికీ వీడియో ఉంటుంది. ఒక యంత్రం ఎన్ని తప్పులు చేశావో చెబుతుంది, ఒక నిపుణుడు ఎందుకు చేశావో చెబుతాడు, అమ్మానాన్నలు ఇంటికెళ్లేదాకా కారులో మళ్లీ చెబుతారు. ఓడిన పిల్లకు తను ఎలా ఓడిందో తెలుసుకునే సౌకర్యానికి ఇవాళ ఏ లోటూ లేదు. మాకు అవేమీ లేవు. నాకు దవాఖానలో ఆ ఇనప మంచం, దాని పక్కన ఒక స్టూలు ఉన్నాయి.

ఎముక కదలకుండా కాలికి ఇటుకలు వేలాడదీసి ఉన్నాయి. మనిషి సగమయ్యాడు. నన్ను చూడగానే అడిగాడు.

"ఎంత?"

"ఆరు ఒకటి, ఆరు సున్నా. ఇగ చాలు మామా, బంద్ చేస్తాన."

మంచిదనో వద్దనో అంటాడనుకున్నాను. బజారులో అందరూ అడిగినట్టు, ఎందుకు ఓడావని అడుగుతాడనీ అనుకున్నాను. ఆయన మెడ నా వైపు తిప్పాడు.

"గా ఒక్క గేమ్ ఎట్ల గెలిచినవ్?"

ఆ గేమ్ గురించి నన్ను ఇంకెవరూ అడగలేదు, నన్ను నేను కూడా అడగలేదు. గుర్తు తెచ్చుకుని చెప్పడం మొదలుపెట్టాను. మొదటి పాయింటు ఆ పిల్ల సర్వీసు రెండుసార్లూ తప్పడంతో వచ్చిందన్నాను.

"గది మనది గాదు. తర్వాత?"

రెండోది, పిల్ల వెనక గీత దగ్గర నిలబడి ఉంటే బంతిని వల పక్కన మెల్లగా జారవిడిచాను.

"ఉరికిందా?"

"ఉరికింది. అందలే."

ఆయన పెదవులు కొంచెం విచ్చుకున్నాయి. మూడోది ఎడమవైపు నుంచి, నిలబడలేని మోకాలి మీదే బరువు వేసి, ఆమె పక్కనుంచి గీత పొడవునా కొట్టాను. ఎండ ఏ దిక్కున ఉందని అడిగాడు, చెప్పాను. గాలి ఉందా అని అడిగాడు, చెప్పాను. కళ్లు మూసుకుని, చూస్తున్నట్టుగా తల ఊపాడు. అప్పుడే నర్సు వచ్చి, టైమ్ అయిపోయింది, బయటివాళ్లు వెళ్లాలని అరిచింది. నేను లేవబోతుంటే యాకయ్య కళ్లు తెరవకుండానే నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"జర ఆగు సిస్టర్. ఇంకొక్క పాయింట్ ఉన్నది."